ధ్వనియంత్రములు: వెలయు విలువయు

ఇంట గూర్చుండి సంగీతము వినుట కొఱకు ధనవంతులు చేయుచున్న వ్యయము నేడు మితిమీఱుచున్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో నూతనముగా గట్టుచున్న కొన్ని గొప్ప గృహములందు సినిమాలు చూచుటకును, పాటలు వినుటకును ప్రత్యేకముగా నొక గదియే యేర్పడుచున్నది. ఆ గదిలో నమర్చు స్పీకర్లకు, యాంప్లిఫయర్లకు, వానిని గలుపు తీగెలకు నగు మొత్తము ఒక్కొక్కచో సామాన్య కుటుంబమొకటి నివసించు ఇంటి వెలకు సరితూగును. అమెరికాలోని విల్సన్ ఆడియో కంపెనీ 2017లో వెలువరించిన యొక స్పీకర్ల జత వెల 6,85,000 డాలర్లు. నాటి మారకము చొప్పున నది 4 కోట్ల రూపాయలకు మించినది. జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ 2015లో ప్రకటించిన యొక హెడ్‌ఫోను, దాని యాంప్లిఫయరుతో గూడ, సుమారు 50,000 యూరోలు. ఇంత ధనమునకు తగిన నాదము వానియందు గలదా? ఉన్నచో నెంతవఱకు గలదు? ఇది నేటి మా విచారణ.

ఎవరి ధనము వారిష్టము వచ్చినట్లు వ్యయపఱచుకొందురు, పత్రికలకు దీనితో నేమి పని యని కొందఱనవచ్చును. పని రెండు విధముల గలదు. వినబడని గుణమును వినబడునని చెప్పి యమ్ము వర్తకము, కొనువాని యజ్ఞానముమీదను, "నాకు భేదము తెలియుట లేదు" అని చెప్పుకొనుటకు వానికి గల సిగ్గుమీదను బ్రతుకును. అట్టి వర్తకమును బహిరంగముగ బరీక్షించుట పత్రికల ధర్మము. రెండవది, సంగీతము నిమిత్తము మన సంఘము వెచ్చించు ధనము పరిమితమైనది. అది తీగెలకును పెట్టెలకును బోయినచో పాడువానికి బోదు. కావున నిది కేవల మొకరిద్దఱి విలాసమునకు సంబంధించిన సంగతి కాదు.

ఈ విషయమున రెండు పక్షములు గలవు. వెల హెచ్చినకొలది నాదము హెచ్చుననియు, ఆ భేదమును గ్రహింపలేనివాని చెవి మొద్దనియు నొక పక్షమువారు చెప్పుదురు. ఇదంతయు వట్టి మోసమనియు, వేయి రూపాయల పెట్టెయు లక్ష రూపాయల పెట్టెయు నొక్కటే యనియు రెండవ పక్షమువారు పరిహసింతురు. ఈ రెండు మాటలును సత్యమునకు దూరములే. మా యభిప్రాయమిది: ధ్వనియంత్రమునకు బెట్టిన ధనము కొంతమేరవఱకు చెవికి జేరును, ఆ మేర దాటిన పిదప కంటికిని గర్వమునకును జేరును. ఆ మేర యెచ్చట నున్నదో పరీక్షచే దెలియును గాని వర్తకుని మాటచే దెలియదు.

మొదట నాదము చెవిని జేరు త్రోవను పరికింతము. గాయకుని కంఠమునుండి వెడలిన ధ్వని ముద్రితమగుట మొదటి మెట్టు. ఆ ముద్రను చదివి విద్యుత్తుగ మార్చుట రెండవది. ఆ విద్యుత్తును యాంప్లిఫయరుచే బలపఱచుట మూడవది. తీగె వెంట దానిని స్పీకరునకు బంపుట నాల్గవది. స్పీకరు దానిని మరల గాలిలో కదలికగ మార్చుట ఐదవది. గది గోడలు దానిని త్రిప్పికొట్టుట ఆఱవది. చెవి గ్రహించుట కడపటిది. ఈ యేడు మెట్లలో నెచ్చట నాదము చెడుచున్నదో యచ్చట ధనము పెట్టుట వివేకము. చెడని చోట ధనము పెట్టుట, నిండిన బిందెలో నీరు పోయుట వంటిది.

ముద్రను జదువు యంత్రముల సంగతి. సోనీ, ఫిలిప్స్ కంపెనీలవారు 1982లో కాంపాక్టు డిస్కును వెలువరించిరి. దానియందు ధ్వనిని సెకనుకు 44,100 మాఱులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల యంకెగ వ్రాయుదురు. మానవుని చెవి బాల్యమున వినగల కంపనములు సెకనుకు 20 మొదలు 20,000 వఱకు. ఈ మేరను బూర్తిగ బట్టి చూపుటకు ఆ కొలత చాలును. అంతకు మించిన సూక్ష్మముద్రణ మధికమగు వెలకు విక్రయింపబడుచున్నది. దానిని బరీక్షింపగోరి బోస్టనులో మేయర్, మోరన్ అను నిరువురు శ్రోతలకు సూక్ష్మముద్రణమును, దానినే కాంపాక్టు డిస్కు కొలతకు దించిన ధ్వనిని మార్చి మార్చి వినిపించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. 554 ప్రయత్నములలో సరియైన యుత్తరములు 276. నాణెము నెగురవేసినను ఇంతయే వచ్చును. న్యాయముగ రెండవ మాటయు జెప్పవలయును: 2016లో జాషువా రైస్ అను నాచార్యుడు అట్టి పరీక్షలు పదునెనిమిదింటిని గలిపి లెక్కించి, శ్రోతలు నూటికి 52 కంటె గొంచె మెక్కువ పాళ్లు సరిగా జెప్పిరనియు, శిక్షణ పొందినవారు మఱికొంత మేలుగ జెప్పిరనియు దేల్చెను. భేదము బొత్తిగ లేదనుట సాహసమే. కాని నూటికి యాబదికిని యాబదిరెండునకును నడుమ గల భేదమునకు లక్షలు వెచ్చింపవలయునా యని గృహస్థుడు తన్ను దానే ప్రశ్నించుకొనవలయును.

యాంప్లిఫయరు విషయమును జూతము. 1987 జనవరిలో అమెరికాలోని స్టీరియో రివ్యూ అను పత్రిక యొక పరీక్షను బ్రకటించినది. సుమారు 220 డాలర్ల వెల గలది మొదలు 12,000 డాలర్ల వెల గల జత వఱకు ఆఱు యాంప్లిఫయర్లను, ధ్వని పరిమాణము సమముగ జేసి, ఏది పలుకుచున్నదో తెలియకుండ శ్రోతలకు వినిపించిరి. నమ్మినవారును నమ్మనివారును ఆ శ్రోతలలో నుండిరి. ఊహించి చెప్పినదానికంటె మేలుగ నెవ్వరును భేదమును జెప్పలేకపోయిరి. సరిగ నిర్మింపబడిన యాంప్లిఫయరు, తన శక్తికి మించిన భారము మోయనంతవఱకు, నాదమునకు దాను జేర్చునది మిక్కిలి స్వల్పము. శక్తి విషయమునను జనులలో నొక భ్రాంతి కలదు. 50 వాట్ల యంత్రమునకు బదులు 100 వాట్ల యంత్రమును గొన్నచో ధ్వని రెట్టింపగునని తలంతురు. అట్లు కాదు. హెచ్చునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెట్టింపుగ దోచవలయునన్న శక్తి పదిరెట్లు కావలయును.

ఇక తీగెలు. ఈ వర్తకమున నన్నిటికంటె విచిత్రమైన యధ్యాయ మిదియే. ఇండ్లలో విద్యుత్తు కొఱకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెకు మీటరునకు నిరోధము సుమారు 7 మిల్లీఓములు. స్పీకరు ఐదు మీటర్ల దూరమున నున్నచో రాకకు బోకకు గలిపి తీగె పది మీటర్లు. మొత్తము నిరోధము 0.07 ఓము. స్పీకరుది సామాన్యముగ 8 ఓములు. అనగా తీగె చేయు నష్టము నూటింట నొక పాలుకూడ గాదు. వీథిలోని యెలక్ట్రికల్ దుకాణమున దొరకు తీగె యింతపని చేయుచుండగా, వెండి కలిపినదనియు, ప్రత్యేకముగ నల్లినదనియు జెప్పి లక్షలకు తీగె లమ్ముచున్నారు. 2007లో జేమ్స్ ర్యాండీ యను ప్రసిద్ధ సంశయవాది, 7,250 డాలర్ల వెల గల యొక తీగెల జతను సామాన్యపు తీగెనుండి చెవితో మాత్రమే వేఱుచేసి చూపినవారికి పదిలక్షల డాలర్ల బహుమాన మిత్తునని ప్రకటించెను. ఆ పరీక్ష జరుగనే లేదు.

అయినచో వేలకొలది జనులు ఖరీదైన యంత్రములలో భేదము విన్నామని చెప్పుట యబద్ధమా? కాదు. వారు వినినది వారికి నిజముగనే తోచినది. చెవి యొంటరిగ పనిచేయదు. కన్ను, మనస్సు, చేసిన వ్యయము దానికి దోడగును. రెండు యంత్రములలో నొకటి రవంత బిగ్గరగ బలికినను అదియే మేలైనదని చెవి తీర్పుచెప్పును. వర్తకుని దుకాణములో ఖరీదైనదానిని గొంచెము బిగ్గరగ వినిపించుట కష్టమైన పని కాదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అను ధ్వనిశాస్త్రజ్ఞులు ఒకే స్పీకర్లను ఒకే శ్రోతలకు మొదట తెరచాటునను, తరువాత నెదుటను వినిపించిరి. కంటి యెదుట నున్నప్పుడు పెద్దవియు నందమైనవియు నగు స్పీకర్లకు మార్కులు పెరిగెను. తెరచాటున నున్నప్పుడు చెవి మాత్రమే తీర్పుచెప్పెను. ఆ శ్రోతలు స్పీకర్ల కంపెనీలో బనిచేయువారే యగుట గమనింపదగినది.

ఇది సామాన్య శ్రోతలకు మాత్రమే గల దౌర్బల్యమనుకొనరాదు. క్లోడియా ఫ్రిట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో 2012లో ప్రకటించిన పరీక్షయందు 21 మంది యనుభవజ్ఞులగు వైణికులు కాదు, వాయులీన విద్వాంసులు, మసకవెలుతురులో కండ్లద్దములు ధరించి ఆఱు వాయులీనములను వాయించి చూచిరి. వానిలో మూడు క్రొత్తవి. మూడు స్ట్రాడివేరియస్, గ్వార్నేరి యని లోకమంతయు గొనియాడు ప్రాచీన వాద్యములు. పలువురు మెచ్చినది క్రొత్త వాద్యము. మిక్కిలి తక్కువగ మెచ్చినది యొక స్ట్రాడివేరియస్. జీవితమంతయు నాదోపాసనచేసిన వారికే పేరు చెవిని మఱపించునపుడు, గృహస్థుడు దుకాణములో దన చెవి మోసపోవునేమో యని సంశయించుటకు సిగ్గుపడనక్కఱలేదు.

ఇంకొక యుదాహరణము. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అను కంపెనీ ప్రాచీన సంగీతపు మాతృకలనుండి ప్రత్యేకముగ ముద్రించిన ఎల్పీ పలకలు విక్రయించును. వానిలో గొన్నిటి వెల 125 డాలర్లు. నడుమ నెచ్చటను ధ్వని యంకెలలోనికి మారలేదని కొనువారు విశ్వసించి యంత వెల యిచ్చిరి. 2011 నుండి పెక్కు పలకల తయారిలో డిజిటల్ మెట్టొకటి యుండినదని 2022 జూలైలో బయల్పడినది. అంకెల స్పర్శను చెవితోనే పసిగట్టగలమని చెప్పుకొనుచుండిన విమర్శకులు, కొనుగోలుదారులు ఆ పలకలనే అన్నియేండ్లు శ్లాఘించియుండిరి. విషయము న్యాయస్థానములకు బోయి రాజీతో ముగిసినది. పలకలు చెడ్డవి కావు. నాదము బాగుగనే యుండెను. చెడినది విశ్వాసము. లేని గుణమును విన్నామను వారి చెవిని అది బయటపెట్టినది.

ఇంతవఱకు ధనము వృథాయగు చోట్లను జూపితిమి. ఇక ధనము సార్థకమగు చోటును జూపుట న్యాయము. అది స్పీకరు. విద్యుత్తును గాలిలో కదలికగ మార్చుట కష్టమైన కార్యము. మంచి యాంప్లిఫయరు చేయు వికారము నూటికి నూఱవపాలు మాత్రమే కాగా, స్పీకరు మంద్రధ్వనులలో చేయు వికారము నూటికి ఒకటి, రెండు, అంతకు మించియు నుండును. మందముగ గాలిని గదలింపవలయునన్న పెద్ద కాగితపు తిత్తి, బలమైన అయస్కాంతము, కదలని గట్టి పెట్టె కావలయును. వీనికి నిజముగ ధనమగును. తంబురా యొక్క మంద్రతంత్రియు, మృదంగము ఎడమవైపు తొప్పియు నీయందే తెలియును. చిన్న పెట్టెలో తొప్పి నాదము చెక్కమీద దట్టినట్లు వినబడును. మంచి స్పీకరులో నది గుండెకు దగులును. ఈ భేదమును గ్రహించుటకు విద్వత్తు అక్కఱలేదు. షాన్ ఓలివ్ 2003లో 268 మంది శ్రోతలతో నడపిన పరీక్షలో శిక్షణ పొందినవారును పొందనివారును స్పీకర్ల తారతమ్యమును ఇంచుమించు నొకే వరుసలో నిర్ణయించిరి. అనగా మంచి స్పీకరును మెచ్చుటకు సామాన్యుని చెవియే చాలును.

అయితే స్పీకర్లలోను వెలయు గుణమును జంటగ నడువవు. శ్రుతిభేదము లేక, ఎదుటి వైపునకును ప్రక్కలకును సమముగ బలుకు స్పీకరే శ్రోతల మెప్పు పొందునని ఆ పరిశోధకుల కృషివలన దేలినది. ఈ గుణమును గొలుచుటకు అమెరికాలో సీటీఏ-2034 అను ప్రమాణ మేర్పడినది. స్పీకరు చుట్టును 70 కొలతలు తీసికొని యొక పటములో జూపుదురు. ఈ పటమును జూచినచో మధ్యమపు వెల గల స్పీకర్లలో గొన్ని, దానికి పదిరెట్లు వెల గలవానిని మించుట తెలియవచ్చును. కావున స్పీకరునకు ధనము పెట్టుడు; కాని పటమును జూచి పెట్టుడు.

స్పీకరు తరువాత గది. దీనిని మనవారు బొత్తిగ మఱచుచున్నారు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగ గట్టిన యొక యుపన్యాసశాలలో మాట వినబడుటయే లేదని ఫిర్యాదు కలిగెను. పలికిన మాట సుమారు ఐదున్నర సెకండ్లవఱకు మ్రోగుచుండెను. వాలెస్ సబైన్ అను యువకుడగు నధ్యాపకుడు రాత్రివేళల ప్రక్కనున్న నాటకశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పెట్టిన నెంత మ్రోత తగ్గుచున్నదో కొలిచి, గది పరిమాణమునకును మ్రోతకును గల సంబంధమును సూత్రముగ నిర్ణయించెను. 1900లో తెఱచిన బోస్టను సింఫనీ హాలు ఆ సూత్రము ననుసరించి నిర్మింపబడినదే. నాదశాస్త్రమున నింత గొప్ప మార్పునకు సాధనములు మెత్తలును గడియారమును!

ఈ పాఠము నేటి మన యిండ్లకు మిక్కిలి యవసరము. క్రింద గ్రానైటో టైల్సో, చుట్టును సిమెంటు గోడలు, ఒక వైపు గాజు కిటికీ. ఇట్టి గదిలో చప్పట్లు కొట్టినను మ్రోగును. అందు కోటిరూపాయల స్పీకరు పెట్టినను గాయకుని సంగతు లొకదానిలో నొకటి కలిసిపోవును. పదునాఱడుగుల పొడవు గల గదిలో సెకనుకు సుమారు 35 కంపనముల మంద్రధ్వని యొక మూల విపరీతముగ బెరిగి, నడుమ మాయమగును. దీనికి యంత్రము నేరము లేదు. గది కొలతయే నేరము. నేలమీద తివాచి, కిటికీకి దళసరి తెర, గోడను బుస్తకముల బీరువా, మూలల దూదిపఱుపు. వీనివలన గలుగు మేలు యాంప్లిఫయరును మార్చుటవలన గలుగదు. స్పీకరును గోడనుండి రెండడుగులు ముందునకు జరుపుటకు కానియైన గాదు. చేసి చూచిన భేదము వెంటనే తెలియును.

మొదటి మెట్టగు ముద్రణమును గడపట జెప్పుటకు గారణము గలదు. తెలుగువారు మిక్కిలి ప్రీతితో వినునది పాత సంగీతము. విజయనగర సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడు వాయులీనము నిమిషమునకు 78 చుట్లు తిరుగు పలకలపై నిలిచియున్నది. అట్టి పలకయందు ఒక వైపు పట్టునది మూడు నాలుగు నిమిషములు. 1957 నాటి "మాయాబజారు" పాటలు ఒకే మార్గమున ముద్రితములు. కుడియెడమల భేదము వానియందు లేదు. ముద్రలో లేనిదానిని నెంత వెల గల యంత్రమైనను బలుకజాలదు. కాని ముద్రలో నున్నదానిని జాగ్రత్తగ వెలికిదీయుట వేఱుపని. ఎల్పీ పలకకు వాడు సూది 78 పలక గాడికి మిక్కిలి సన్నము. దానితో వాయించిన గరగర హెచ్చును. తగిన సూదితో, సరియైన వేగముతో, పలకను గడిగి వాయించి డిజిటల్ ముద్ర దీసినచో ద్వారమువారి కమాను మరల సజీవమగును. ఈ కార్యమునకు వలయునది తెలిసినవాని యోర్పు. దాని వ్యయము ఖరీదైన తీగె వెలలో నెన్నవ వంతో లెక్కించుకొనవచ్చును.

చెవి సంగతియు నొకమాట. వయస్సుతో హెచ్చు కంపనముల ధ్వనులు వినబడుట తగ్గును. యాబదియేండ్లు దాటిన పలువురకు 12,000 కంపనములకు బైన మాంద్యము సామాన్యము. ఇట్టి యంత్రములు కొనగల ధనము చేతికి వచ్చుటయు సామాన్యముగ నావయస్సుననే. సంచి నిండువేళకు చెవి తఱుగుచుండగా, 40,000 కంపనములను బలుకునను పెట్టెకు బ్రత్యేకముగ వెల యిచ్చుట హాస్యాస్పదము.

దీనికి ప్రతిపక్షులు చెప్పు బలమైన సమాధానమొకటి గలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. "మనుష్యుడు ప్రయోజనమునకే యన్నిటిని గొనునా? చేతిపని సౌందర్యమునకు, కఱ్ఱపని నునుపునకు, చిరకాలము నిలుచు దార్ఢ్యమునకు వెల లేదా? గద్వాల చీరకు జరీ వెల యిచ్చుట తప్పగునా?" అని వా రడుగుదురు. తప్పు గాదు. జరీకి వెల యిచ్చువాడు జరీ కంటికి గనబడునని యెఱిగియే యిచ్చుచున్నాడు. జరీచీర కట్టినవారికి చలి వేయదని చెప్పి యెవడును దాని నమ్మడు. ధ్వనియంత్రముల వర్తకులును, ఇది కంటికింపైన వస్తువు, నాదము మాత్రము దీనిలో మూడవ వంతు వెల గలదాని నాదమే యని చెప్పి యమ్మినచో మాకు వివాదము లేదు. కంటికి జెందు గుణమును చెవి పేరుతో నమ్ముటయే మా యాక్షేపణము.

రెండవ పక్షమువారి పొరపాటును మఱువరాదు. లక్షలతో నిల్లు గట్టి, సంగీతమును మాత్రము చేతి ఫోనులోని గోరంత స్పీకరునుండి వినువారు మనలో నెందఱో కలరు. పలుచని టెలివిజను అడుగున దాగిన చిన్న స్పీకర్లకు తంబురా శ్రుతి యందదు. అట్టి నాదమునందే పెరిగిన బిడ్డకు మృదంగము ఎట్లు పలుకునో తెలియదు. ఇదియు లోభమే గాని వివేకము గాదు. గౌరవప్రదమగు స్పీకర్ల జతకు, దానికి దగిన యాంప్లిఫయరునకు బెట్టు వ్యయము సంగీతప్రియుడగు గృహస్థునకు సార్థకమని నిస్సంశయముగ జెప్పుచున్నాము.

కొనగోరువారికి మా సలహా యిది. మొత్తములో సగమునకు దక్కువ కాకుండ స్పీకర్లకు వెచ్చింపుడు. తీగెలకు రాగివెల మాత్రమే యిండు. దుకాణమునకు బోవునపుడు మీరు బాగుగ నెఱిగిన పాట నొకటి వెంట గొనిపొండు. రెండు యంత్రముల ధ్వనిపరిమాణమును సమము చేయుమని కోరుడు. ఏది పలుకుచున్నదో మీకు దెలియకుండ నింకొకరు మార్చుచుండ, పదునాఱు మాఱులు విని, కాగితముపై వ్రాసికొనుడు. పండ్రెండు మాఱులైన సరిగ జెప్పగలిగినచో భేదము గలదని నమ్మవచ్చును. అదృష్టముచే నట్లు జరుగుట యిరువదియైదింట నొకటికిని దక్కువ. చెప్పలేకపోయినచో తక్కువ వెల గలదానిని గొని సుఖముగ నింటికి రండు. ఇట్టి పరీక్షకు నంగీకరింపని వర్తకునికి దన వస్తువుమీద దనకే నమ్మకము లేదని గ్రహింపవలయును.

ప్రభుత్వమునకును గర్తవ్యము గలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను నిషేధించుచున్నది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ మార్గదర్శకములను వెలువరించినది. ఔషధమునకు గుణము చెప్పినవాడు ఋజువు చూపవలయునన్న న్యాయము తీగెకు గుణము చెప్పినవానికి నేల వర్తింపరాదు? స్పీకరు కొలతల పటమును పెట్టెపై ముద్రింపుమని నిర్బంధించుట కష్టమైన పని గాదు. అట్లు చేసినచో మంచివస్తువు చేయు కంపెనీకే లాభము.

మేరయందు నిలిచిన గృహస్థునకు ధనము మిగులును. ఆ మిగులునకు మంచి త్రోవలున్నవి. ఊరి సంగీతసభకు జందా యీయవచ్చును. బిడ్డకు వాయులీనమో వీణయో నేర్పింపవచ్చును. తాతల బీరువాలలో దుమ్ముపట్టియున్న పలకలను, చెడిపోవుచున్న టేపులను తెలిసినవారికిచ్చి కాపాడింపవచ్చును. యువగాయకుని ఇంటికి బిలిచి, పదిమంది బంధుమిత్రుల నడుమ గచేరి చేయించి, తాంబూలముతో సంభావన యీయవచ్చును. ఆ గదిలో ఆనాడు మ్రోగు కంఠమునకు యాంప్లిఫయరు లేదు, తీగె లేదు, వికారము లేదు. వేయి యంత్రములు అనుకరింపజూచునది ఆ నాదమునే. దానిని బలుకువాడు బ్రతికియుండుటకు బెట్టిన రూపాయకంటె సార్థకమైన రూపాయ సంగీతప్రియుని చేత నింకొకటి లేదు.